స్పీకర్‌ను లాక్కున్న ఫోన్

ఇనుప చువ్వతో బూడిదను గెలికి గెలికి మహమ్మద్ గౌస్ చేతులు నల్లబడ్డాయి గాని, వెతుకుతున్నది మాత్రం దొరకలేదు. దొరక్కపోవడమే అతన్ని కలవరపెట్టింది.

సబ్హాన్ ఫ్యాక్టరీల పేటలో ఆ గోడౌన్ తగలబడి వారం దాటింది. లోపల కాలిపోయినదంతా కొత్తగా దిగిన వైర్‌లెస్ స్పీకర్ల సరుకని, పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయని కంపెనీ చెబుతోంది. ఆ నష్టం నిజమో కాదో ఇన్సూరెన్స్ వాళ్ళ తరఫున తేల్చడం గౌస్ పని. రాయచోటి నుంచి వచ్చి, కువైట్‌లో కాలిన గోడౌన్లూ మునిగిన కార్లూ చూస్తూనే జుట్టు నెరిసిన మనిషి అతను. స్పీకర్ అన్నాక లోపల అయస్కాంతం ఉండి తీరాలి. మంటల వేడికి దాని శక్తి పోతే పోవచ్చు. ఆ నల్లరాతి బిళ్ళ ఎక్కడికి పోతుంది?

తలుపు దగ్గర నాలుగు పెట్టెల మేరకు బిళ్ళలున్నాయి, ఇనుప చట్రాలున్నాయి, కరిగి ముద్దకట్టిన ప్లాస్టిక్ ఉంది. లోపలికి పోయేకొద్దీ అట్టల బూడిద, థర్మాకోల్ కరిగి అంటుకున్న మరకలు, అంతే. వెనక గోడ దాకా వెతికినా ఒక్క బిళ్ళ తగల్లేదు. కాలినవి ఖాళీ పెట్టెలు.

ఇక్కడ స్టోర్‌కీపర్‌గా పనిచేసిన అయ్యప్ప నిప్పంటుకున్న రాత్రి నుంచీ కనిపించడం లేదు. ఫోన్ స్విచాఫ్. గదిలో బట్టలు బట్టల్లాగే ఉన్నాయి, దండెం మీద ఆరేసిన లుంగీతో సహా. పారిపోయేవాడు ఎంత తొందరలో ఉన్నా ఏదో ఒకటి చంకన పెట్టుకుంటాడని గౌస్ అనుభవం. బూడిదలో మనిషి ఆనవాళ్ళేవీ లేవని ఫైర్ వాళ్ళు తేల్చారు. అయినా ఆ మనిషి బతికి ఉన్నాడని గౌస్ మనసు ఒప్పుకోవడం లేదు.

"దొరికిందాండీ ఏవైనా?"

గుమ్మం బయటే నిలబడి అడిగాడు అచ్చిబాబు. కంపెనీ సెక్యూరిటీ అంతా అతని చేతి కింద. కాకినాడ మనిషి, ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. ఆ బూట్లకు మసి అంటకుండా గడప అవతలే ఆగాడు. గౌస్ ఒక బిళ్ళను జేబులో వేసుకుని, చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చాడు.

"బూడిద దొరికింది."

అచ్చిబాబు నవ్వి, ఇక ఆలస్యం దేనికన్నాడు. సెలవివ్వలేదన్న కచ్చతో అయ్యప్ప నిప్పంటించి పారిపోయాడనీ, ఆ రాత్రి గేటు దగ్గర ఇంటర్‌కమ్‌లో వాడి గొంతు రికార్డయిందనీ, అందరూ విన్నారనీ చెప్పుకొచ్చాడు. ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే మందూబ్ కాగితాలు పట్టుకుని బయల్దేరబోతున్నాడు. మనిషి పని వదిలి పరారయ్యాడని కంపెనీ రాసిస్తే ఖలాస్. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దవుతుంది. ఎక్కడ కనిపించినా పట్టుకుపోతారు. దాచిపెట్టినవాళ్ళ మీదా కేసే.

"ఆ రికార్డింగ్ నేను వినేదాకా ఆ కాగితాలు ఆపండి," అన్నాడు గౌస్.

"మీరు ఇన్సూరెన్స్ మనిషండీ. మా పనివాళ్ళ సంగతి మాది."

"నిప్పు పెట్టింది ఎవరో తేలకుండా మా వాళ్ళు సంతకం పెట్టరు. అది మా సంగతి. సరే, ఆ రాత్రి మీరెక్కడున్నారు?"

అచ్చిబాబు మొహంలో నవ్వు అలాగే ఉంది గాని కళ్ళలో లేదు. సాల్మియాలో తన ఇంట్లో ఉన్నాననీ, అన్నం తిని పడుకున్నాననీ, ఫోనొస్తే తప్ప నిద్ర లేవలేదనీ అన్నాడు. రికార్డింగ్ వినాలంటే వినమన్నాడు. "అందులో వినడానికేం లేదు గాని, మీ సరదా ఎందుకు కాదనాలి," అంటూ వెనుదిరిగాడు.

గోడౌన్ పక్కనే పార్టిషన్లు కొట్టిన చిన్న ఆఫీసు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది సైరా, కడప అమ్మాయి. పెళ్ళై వచ్చి, మొగుడు డ్రైవర్ పనికి పోతుంటే తానూ ఈ ఉద్యోగంలో చేరింది. గేటు గదిలోంచి గౌస్ తెచ్చిన రికార్డింగ్ హార్డ్‌డిస్క్ అందుకుని కంప్యూటర్‌కి తగిలిస్తూనే, సరిగ్గా వినపడదని ముందే చెప్పింది. గేటు రికార్డింగ్ తెరిచే సాఫ్ట్‌వేర్ ఉన్నది ఈ ఒక్క డెస్క్‌టాప్‌లోనే. దీనికి హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రం ఎప్పుడో విరిగింది. ఉన్న గతి బల్ల మీది వైర్‌లెస్ స్పీకర్ ఒక్కటే. సరుకులోంచి శాంపిల్‌గా తీసి పెట్టుకున్నారు. అది దాని ఇష్టం వచ్చినప్పుడు పలుకుతుంది. అల్ రాయ్ షోరూమ్ నుంచి వైరుదేదైనా తెప్పించాలంటే పొద్దు వాలుతుంది.

"అంతసేపు మందూబ్ ఆగడు," అన్నాడు గౌస్. "పెట్టమ్మా, విందాం."

స్పీకర్‌లోంచి వేగే పెనం మీద నీళ్ళు చల్లినట్టు ఒకటే చిటపట. దాని మధ్య ఒక మగ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "మై... యప్ప... గేట్ ఖో..." తర్వాత గరగర. ఆ తర్వాత ఏవో మాటలున్నాయి. తెలుగో హిందీయో కూడా తెలియడం లేదు. వాటి మధ్యలో స్పీకర్ నోరు మూసుకుంది.

"చూసినారా సార్. దీంతో నేను పడలేక చస్తాండా. చార్జింగ్ నిండా పెట్టినా, పేరు తీసేసి మళ్ళీ కలిపినా, చేతికి అందేంత దగ్గర పెట్టినా ఇదే. హెడ్డాఫీసు నుంచి కంప్యూటర్ ఆయన వచ్చి చూసి, పారేసి కొత్తది కొనుక్కోమన్నాడు."

గౌస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాక్షిని అడిగినట్టే నెమ్మదిగా అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఇట్లాగే చిటపటలాడుతుందా? కాదు, మామూలప్పుడు బాగానే ఉంటుంది, ఇలాంటి డిస్కులు తగిలించినప్పుడు మాత్రం ఇంతే. ఆగిపోయేటప్పుడు ఏమైనా శబ్దం చేస్తుందా? సైరా కాసేపు ఆలోచించింది. కాసేపు ఏమీ వినకుండా వదిలేస్తే చప్పుడు లేకుండా ఆగుతుందనీ, అప్పుడు ఒకసారి నొక్కితే మళ్ళీ వస్తుందనీ చెప్పింది. ఇంకోరకంగా కూడా ఆగుతుందట. ఉన్నట్టుండి రెండు స్వరాలు పలికి ఆగుతుంది. అప్పుడు ఎన్నిసార్లు నొక్కినా కంప్యూటర్‌కి దొరకదు. కొంతసేపటికి దానంతటదే తిరిగొస్తుంది.

"అంటే ఒకే ఇంట్లో ముగ్గురు దొంగలు పడినారు," అన్నాడు గౌస్. "ముగ్గుర్నీ ఒకడే అనుకుంటే ఎవడూ దొరకడు."

అతను వంగి సీపీయూ వెనక చూశాడు. స్పీకర్‌తో కంప్యూటర్‌ను కలిపే గోరంత డాంగిల్ వెనకవైపు, ఇనుప పెట్టెకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. దాన్ని ఆనుకునే పక్క రంధ్రంలో గౌస్ తెచ్చిన హార్డ్‌డిస్క్ వైరు. అటువంటి డిస్కులు పనిచేసేటప్పుడు పక్కనున్న వైర్‌లెస్ పరికరాల సంకేతాన్ని చెడగొడతాయని ఏదో పాత క్లెయిములో అతను విన్నాడు. సొరుగులో పడున్న పొడిగింపు వైరు ఒకటి తీయించి, డాంగిల్‌ను దాని కొసకు తగిలించి, బల్ల మీదికి, స్పీకర్‌కు ఎదురుగా లాగాడు. చిటపట చెవిలోంచి చీమ దిగినట్టు పోయింది.

రెండోవాడు కంప్యూటర్‌లోనే ఉన్నాడు. కరెంటు పొదుపు కోసం, పని లేనప్పుడు డాంగిల్‌ను నిద్రపుచ్చమని సెట్టింగుల్లో టిక్కు పెట్టి ఉంది. సైరా చేతే దాన్ని తీయించాడు.

"ఇంక పెట్టు."

ఆమె రికార్డింగ్‌ను మొదటికి జరుపుతుండగా తలుపు తెరుచుకుంది. అచ్చిబాబు లోపలికి వచ్చాడు. వెనకే టీ గ్లాసుల పళ్ళెంతో సుబ్బు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సుబ్బుది అమలాపురం దగ్గర ఊరు. అయ్యప్పదీ అదే ఊరు, ఇద్దరూ ఉండేది ఒకటే గది. ఎత్తడానికి సరుకు లేక ఈ వారం నుంచీ టీలు అందిస్తున్నాడు. నిన్న గౌస్ అతన్ని అడిగినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, అన్న ఎక్కడున్నాడో ఏమయ్యాడో అని తలుచుకు తలుచుకు ఏడ్చాడు. ఈ కంపెనీలో అయ్యప్ప కోసం ఏడ్చింది అతనొక్కడే.

స్పీకర్ రెండు స్వరాలు పలికింది. పైది ఒకటి, దానికంటే పైది ఇంకొకటి. రికార్డింగ్ తెర మీద నడుస్తూనే ఉంది గాని గదిలో చప్పుడు లేదు. సైరా నొక్కింది, మళ్ళీ నొక్కింది. కనెక్ట్ కాలేదని కంప్యూటర్ చెప్పింది.

"చెప్పాను కదండీ, ఆ డబ్బా పాడైపోయింది," అన్నాడు అచ్చిబాబు టీ గ్లాసు అందుకుంటూ. "దాని మీద ఇంత కుస్తీ దేనికండీ? మందూబ్ బండెక్కేశాడు కూడాను."

"నేను ఆపమన్నాను."

"నేను పొమ్మన్నాను."

గౌస్ గొంతు పెంచలేదు. అబద్ధపు ఫిర్యాదని తేలితే అది రాసిచ్చిన చేతికి ఎంత చుట్టుకుంటుందో ఆలోచించుకోమన్నాడు. అచ్చిబాబు అంతకంటే నెమ్మదిగా, గౌస్ బాస్‌తో తమ ముదీర్, కంపెనీ పెద్ద మేనేజరు, పొద్దున్నే మాట్లాడారనీ, ఈ సాయంత్రానికి గౌస్ చేతిలో ఈ ఫైలు ఉంటుందో ఉండదో చూసుకోమనీ చెప్పాడు. గ్లాసు సగం తాగి వదిలేసి, కారు తుడవాలి రమ్మని సుబ్బును వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళు అటు వెళ్ళిన కాసేపటికి స్పీకర్ ఒకసారి గొంతు సవరించుకున్నట్టు పలికి, కంప్యూటర్‌తో కలిసింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

సైరా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆమె మొహంలో రంగు మారడం గౌస్ గమనించి, ఏమైందని అడిగాడు. చెప్పడానికి ఆమె కొంచెం భయపడింది.

"ఇదివరకు కూడా ఇది ఇట్లే పోతాండె సార్. అయ్యప్పన్న పొద్దున్నే పాటలు పెట్టుకుంటాండె. ఆయన ఫోన్ గడప దాటి లోపలికొస్తే చాలు, ఇది నా కంప్యూటర్‌ని వదిలేసి ఆయన ఫోన్‌కి పోయి అంటుకుంటాండె. అప్పుడూ ఇవే రెండు స్వరాలు. నేను తిట్టేదాన్ని, ఆయన నవ్వేవాడు." ఆమె తలుపు వైపు చూసింది. "కానీ ఇప్పుడు ఆయనే లేడు గదా సార్."

"వేరే ఎవరి ఫోన్ అయినా దీనికి కలిపినారా?"

ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదని ఆమె చెప్పింది. శాంపిల్ పాడైతే తన పూచీ అనేవాడట.

గౌస్ లెక్క వేసుకున్నాడు. అయ్యప్ప నెంబరు స్విచాఫ్ అని వారం నుంచీ అందరూ వింటున్నారు. సిమ్ తీసి పారేస్తే నెంబరు మూగబోతుంది. ఫోన్ మూగబోదు. దాన్ని చెరపకుండా, ఇంకో సిమ్ వేసి ఎవడో వాడుకుంటున్నాడు. ఫోన్ ఎవరి జేబులో ఉన్నా, స్పీకర్‌కి మాత్రం అది పాత నేస్తమే. దగ్గరికొస్తే చాలు, పోయి చేయి పట్టుకుంటుంది. మూడో దొంగ దొరికాడు. అయ్యప్ప ఫోన్ ఈ కాంపౌండ్‌లోనే, బతికున్న మనిషి జేబులో తిరుగుతోంది. ఇక అయ్యప్ప అనే మనిషి ఏమైనట్టు?

ఆ ప్రశ్నకు అతనికి తట్టిన జవాబు ఒక్కటే. అది తట్టాక చేతిలోని టీ తాగబుద్ధి కాలేదు.

ఈ వారంలో ఇంతకుముందు కూడా స్పీకర్ ఇలా రెండు స్వరాలు పలికి పోయినప్పుడు గదిలోకి ఎవరొచ్చారో గుర్తుచేసుకోమన్నాడు. సైరా చాలాసేపు తలపట్టుకుని, ఎక్కువగా అచ్చిబాబు గారు వచ్చినప్పుడే అని చెప్పింది. ఆయన రాగానే టీ రావాల్సిందే కాబట్టి సుబ్బు కూడా వస్తాడంది. గౌస్ రెండో పేరు విన్నాడు గాని లెక్కలోకి తీసుకోలేదు. అతని కళ్ళముందు మెరిసే బూట్లే ఉన్నాయి.

రికార్డింగ్ ముందు వినాలా, ఫోన్ ముందు పట్టాలా అని ఒక క్షణం ఊగిసలాడాడు. రికార్డింగ్ ఎక్కడికీ పోదు. ఫోన్‌ను ఏ కాలవలోనో పారేస్తే ఇంక దొరకదు. కాబట్టి ఫోన్‌నే ముందు పట్టాలనుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ నిర్ణయం దగ్గరే అతని గుండె కలుక్కుమనేది.

రిపోర్టు రాయడానికి అందరి నెంబర్లూ సరిచూసుకోవాలని కబురు పెట్టించాడు. అచ్చిబాబు విసుక్కుంటూ వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. తుడుపు గుడ్డ చేత్తోనే పట్టుకుని సుబ్బు మూలన ఒదిగాడు. స్పీకర్ రెండు స్వరాలు పలికింది. సైరా తల వంచుకుంది. గౌస్ తన ఫోన్ తీసి, అచ్చిబాబు నెంబరు కలిపాడు.

అచ్చిబాబు చొక్కా జేబులోనే ఫోన్ మోగింది. ఎదురుగా ఉన్నవాడికి ఫోనెందుకని అతను అడిగాడు. గౌస్ అతని రెండో నెంబరు కూడా కలిపాడు. అదే ఫోన్, అదే జేబు. స్పీకర్ ఉలకలేదు, పలకలేదు.

అచ్చిబాబు దగ్గర మరో ఫోన్ ఉందేమో, దాని నెంబరు ఎట్లా రాబట్టాలా అని ఆలోచిస్తూనే గౌస్ లాంఛనం పూర్తిచేయడానికన్నట్టు సుబ్బు నెంబరు నొక్కాడు.

గది దద్దరిల్లింది. బల్ల మీది స్పీకర్ ఫోన్ రింగుతో హోరెత్తిపోయింది. సైరా కుర్చీలోంచి లేచి నిలబడింది. సుబ్బు ప్యాంటు జేబు మీద రెండు చేతులూ అదిమిపెట్టుకుని గోడకి జరిగాడు.

గౌస్ కాల్ ఆపేశాడు. ముందుగా తేరుకున్నది అచ్చిబాబే. ఒక్క అంగలో వెళ్ళి సుబ్బు జేబులోంచి ఫోన్ లాగాడు. వెనక వైపు చిన్న వినాయకుడి బొమ్మ అంటించి ఉంది. అది ఎవరి ఫోనో ఆఫీసులో అందరికీ తెలుసు.

"మా అన్నని నేనేం చెయ్యలేదండీ," అంటూ సుబ్బు నేల మీద కూలబడ్డాడు. "మా అమ్మ మీద ఒట్టండీ. ఆయనే ఇచ్చాడండి. ఇలాంటి ఫోన్ ఎక్కడుందో కనిపెట్టేస్తారంట కదండీ. అందుకని నా బటన్ల ఫోన్ కొత్త సిమ్ముతో ఆయనకిచ్చి, ఇది నేను పుచ్చుకున్నానండి."

గౌస్ గుండెలో ఒక్కసారిగా ఏదో తేలికైంది. అయ్యప్ప బతికే ఉన్నాడు. ఆ వెంటనే ఆ తేలికదనం బండరాయైంది. బతికున్న మనిషి ఒంటి మీది బట్టలతో ఎవరికి భయపడి దాక్కున్నాడు? ఆ రాత్రి అతను ఏం చూశాడు? గౌస్ జేబులో నల్లరాతి బిళ్ళ ఉంది. సరుకు ముందే తరలిపోయిందని తనకు తెలుసు. తరలించినవాడు ఎవడైనా, వాడి ముందే ఈ ఫోన్ గుట్టు ఎందుకు విప్పాడు తను?

"ఒరే సుబ్బూ," అన్నాడు అచ్చిబాబు. గొంతులో తేనె. సుబ్బు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. ప్యాంటుకు దుమ్ము అంటినా చూసుకోలేదు. "భయపడకురా. మందూబ్‌ని వెనక్కి పిలుస్తాను. ఎక్కడున్నాడ్రా పాపం?"

"సుబ్బూ, చెప్పొద్దు," అన్నాడు గౌస్.

కానీ వారం రోజులుగా ఒక్కడే మోసిన బరువు దింపుకోవడానికి ఒక చెయ్యి దొరికింది సుబ్బుకి. మాట అప్పటికే నోరు దాటింది. "సాల్మియాలోనండీ. మా ఊరి సూరాయమ్మ పిన్ని వంట చేసే ఇంట్లోనండి. డ్రైవర్ గది ఖాళీగా ఉంటేనూ..."

ఏ వీధో, ఏ ఇంటి ఎదురో కూడా చెప్పేశాడు. అచ్చిబాబు అతని భుజం తట్టి లేచాడు. ఫోన్‌ను సైరా బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, మందూబ్‌తో మాట్లాడి వస్తానని గౌస్ వైపు చూసి నవ్వాడు. ఈసారి నవ్వు కళ్ళలో కూడా ఉంది.

తలుపు మూసుకోగానే గౌస్ బల్ల మీది ఫోన్‌ను ఆపేశాడు. స్పీకర్ ఒక్క క్షణం తడుముకుని కంప్యూటర్ దగ్గరికి తిరిగొచ్చింది. చెప్పకుండానే సైరా రికార్డింగ్ మీద నొక్కింది. ఈసారి చిటపట లేదు, తెగడం లేదు. మనిషి పక్కన నిలబడి మాట్లాడినట్టుంది.

"మై అయ్యప్ప హూఁ. గేట్ ఖోలో."

అవతల నేపాలీ కావలివాడు సరేనన్నాడు. గేటు కదిలిన చప్పుడు. మాట్లాడినవాడు ఇంటర్‌కమ్ మీట వదల్లేదేమో, పెట్టె వింటూనే ఉంది. లారీ ఇంజను రొద మీదుగా అదే గొంతు తెలుగులోకి మారి, డ్రైవర్‌తో కాబోలు, తాపీగా అంది. "అట్టపెట్టెలు లోపల దింపెయ్. సరుకంతా ఎనక గేటు నుంచి ఎత్తేద్దాం. ఆ అయ్యప్పగాడు గదిలోనే ఉన్నాడా, సూడండోసారి."

ఆ గొంతు ఎవరిదో ముగ్గురికీ చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడే ఈ గదిలోంచి వెళ్ళింది అది. సుబ్బు నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. బయట కారు స్టార్టయి, చక్రాలు కంకర మీద కీచుమంటూ తిరిగాయి.

అచ్చిబాబు స్వయంగా అక్కడికి చేరక్కర్లేదు, ఒక్క ఫోన్ చాలని సైరా అంది. సాల్మియా షోరూమ్‌లో ఆయన మనుషులు ఎప్పుడూ ఉంటారు. ఆ వీధి అక్కడికి నడిచే దూరం. పోలీసులకు ఫోన్ చేయనా అని అడుగుతూనే ఆమెకే సందేహం వచ్చింది. మందూబ్ పని ఇప్పటికే అయిపోయి ఉంటే, పోలీసులొచ్చినా పట్టుకునేది అయ్యప్పనే. సూరాయమ్మను కూడా.

గౌస్ తలుపు దగ్గర ఆగాడు. ఇంత కష్టమైన ప్రశ్న పొద్దుట్నుంచీ అతనికి ఎదురుకాలేదు.

"చెయ్యి," అన్నాడు. "జైల్లో ఉన్న మనిషిని ఈ రికార్డింగ్ పెట్టి బయటికి తెచ్చుకోవచ్చు. దీన్ని నాలుగు చోట్ల కాపీ తియ్యి. తలుపు గడియ పెట్టుకో."

సుబ్బు చెప్పిన బటన్ల ఫోన్ నెంబరు నొక్కుకుంటూ కారు దగ్గరికి పరుగెత్తాడు. చాలాసేపు మోగాక ఒక పెద్దావిడ ఎత్తి, ఎవరండీ అని గుసగుసగా అడిగింది. సూరాయమ్మేనని తెలిసి, తానెవరో రెండు ముక్కల్లో చెప్పి, తలుపులు తెరవొద్దనీ, ఎవరొచ్చినా అయ్యప్ప లేడని చెప్పమనీ అన్నాడు.

"వచ్చేశారు బాబూ," అంది ఆవిడ. "కింద బెల్లు కొడతన్నారు. మా మామా, ఇంటి దొరసాని, నిద్దర లేస్తే నేనేం చెప్పనూ?"

అవతల ఫోన్ చేతులు మారింది. చనిపోయాడని గౌస్ అనుకున్న మనిషి గొంతు, మెత్తగా, అలసిపోయి వినిపించింది.

"అయ్యప్పనండీ. మా సుబ్బుగాడు బాగున్నాడాండి?"

"బాగున్నాడు. అయ్యప్పా, విను. రికార్డింగ్‌లో గొంతు నీది కాదని తేలిపోయింది. నీ తప్పేమీ లేదు. నువ్వు ఆ గదిలోంచి కదలొద్దు. నేను వస్తాండా."

మళ్ళీ బెల్లు మోగడం గౌస్‌కి వినిపించింది.

"మీరొక్కరు నమ్మారు కదండీ, అది చాలండి," అన్నాడు అయ్యప్ప. "నేను దిగిపోతానండి. వీధిలో దొరికితే నా ఒక్కడితో పోద్ది. ఈ ఇంట్లో దొరికానంటే మా పిన్ని కొలువు పోద్దండి, కేసవుద్దండి. ఇంత వయసొచ్చాక ఆవిడ జైలుకెళ్తే నేను ఊళ్ళో మొహమెట్టా చూపించనండీ."

గౌస్ వద్దన్నాడు. బతిమాలాడు, కసిరాడు. పిన్నీ తలుపేసుకో అని అయ్యప్ప అనడం వినబడింది. బట్ట రాపిడి. ఫోన్‌ను కట్ చేయకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. ఆ తర్వాత మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు, తొందరేమీ లేకుండా. ఇనుప గేటు తెరుచుకుంది. ఎవరో నవ్వారు. ఇంకెవరో యల్లా ఎక్కు అన్నారు.

గౌస్ కారును సాల్మియా రోడ్డెక్కించాడు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి చెవి దగ్గర. అవతల కారు తలుపు గట్టిగా పడింది. ఎటు పోవాలని ఒకడు అడిగితే, అచ్చిబాబు గారు చెప్పిన చోటికే అని ఇంకొకడన్నాడు. ఆ చోటు పేరు మాత్రం చెప్పలేదు.

ఇంజను రొద హెచ్చింది. లైను ఇంకా తెగలేదు. ఆ చోటు పేరు ఎప్పుడు పలుకుతారా అని గౌస్ వింటున్నాడు.